పచ్చకొండ మీద పొట్టి వెదురు

సంక్రాంతి కలయికలో మా ఇంటి కుండీ గురించి మాట వచ్చింది. "అది గడ్డా, వెదురా?" అని ఒకరు, "ఒమాన్ ఎండలో అదెలా బతుకుతోంది?" అని ఇంకొకరు, "మాకూ ఒక పిలక ఇవ్వండి" అని నలుగురైదుగురు అడిగారు. ఈ మూడో మాటకు మేము వెంటనే ఊ అనకపోవడం కొందరికి వింతగా తోచింది. మొక్క అడిగితే లేదనేవాళ్ళం కాము. ఎందుకు తటపటాయించామో చెప్పాలంటే బతీనా తీరం నుంచి జెబెల్ అఖ్దర్ దాకా వెళ్ళి రావాలి. భోజనాల దగ్గర చెప్పేది కాదది. సంపాదకులు "అయితే రాసి ఇవ్వండి, రెండు పేజీలు చాలు" అన్నారు. రెండు పేజీలు దాటితే తప్పు మాది.

ముందు మొక్క సంగతి. దీని శాస్త్రీయ నామం ప్లైయోబ్లాస్టస్ పిగ్మేయస్. మొదటి ముక్క పలకడం కష్టం గాని రెండోదానికి అర్థం మరుగుజ్జు అనే. జపాన్ దేశపు వెదురు. నిలువెత్తున ఎదిగితే జానెడు, మహా అయితే మూరెడు. కాడ అగ్గిపుల్ల కన్నా కొంచెం లావు. ఆకులు కాడకు అటూ ఇటూ రెండు వరసలుగా, దువ్వెన పళ్ళలా పొందికగా ఉంటాయి. దూరాన్నుంచి చూస్తే ఫెర్న్ మొక్క అనుకుంటారు. దగ్గరికి వచ్చి కాడను వేళ్ళతో తడిమితే కణుపు తగులుతుంది, అప్పుడు ఒప్పుకుంటారు వెదురని. జపాన్‌లో పొడవాటి వెదుళ్ళను 'తాకే' అనీ, ఇటువంటి పొట్టి రకాలను 'ససా' అనీ పిలుస్తారు. తాకే ఎదిగాక కణుపు మీది పొర రాలిపోతుంది, ససాకు అది ఎండినా అంటుకునే ఉంటుంది. అక్కడి తోటల్లో దీన్ని నేలకు తివాచీలా పరుస్తారు. బోన్‌సాయ్ చెట్ల పక్కన చిన్న పళ్ళేల్లో కూడా పెంచుతారు.

మాకు దీని మీద మనసు పోవడానికి కారణం జపాన్ కాదు, రంపచోడవరం. మావారి ఊరు ఆ దగ్గరే. వెదురు లేని వస్తువు ఆ ఇంట్లో వెతికితే గాని దొరకదు. బియ్యం చెరిగే చాట, గంపలు, తడికలు, కోళ్ళగూడు, ధాన్యం పోసే గాదె, అన్నీ మేదరి వాళ్ళ చేతి పనే. వానలు పడ్డాక లేత వెదురు కొమ్ముల కూర. మేము గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్నవాళ్ళం, మెట్టినింటికి వెళ్ళేవరకు వెదురును తింటారని మాకు తెలియదు. ఒమాన్ వచ్చాక మావారికి అన్నిటికన్నా వెలితిగా తోచింది గోదారి కాదు, ఆ పొదల సవ్వడి. బర్కా దగ్గర రోడ్డు పక్కన ఒక నర్సరీలో మల్లెమొక్క కోసం ఆగిన రోజున, ఒక మూల ప్లాస్టిక్ కుండీలో ఈ మరుగుజ్జు కనపడింది. అమ్మే కుర్రవాడు "జపాన్ గడ్డి" అన్నాడు. మావారు వంగి కణుపు తడిమి చూసుకొని, బేరమాడకుండా కొన్నారు. బేరమాడకుండా కొన్న వస్తువు మా ఇంట్లో అదొక్కటే.

అప్పుడు మేము బతీనా తీరంలో ఒక ఊళ్ళో పని చేస్తున్నాము. సముద్రం పక్కన. జనవరిలో చూస్తే ఇంతకన్నా హాయైన చోటు లేదనిపిస్తుంది. జూన్‌లో రాత్రి పది గంటలకు కూడా గాలి తడిగుడ్డలా ముఖానికి అంటుకుంటుంది. ఈ వెదురు పుట్టిన దేశం సంగతి చూడండి. టోక్యోలో ఏడాదికి 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మస్కట్‌లో 100 పడితే మంచి ఏడు. మంచును తట్టుకునే మొక్క ఇది, సున్నాకు పదిహేను డిగ్రీల కింద కూడా వేరు చావదు. కాని ఎండలో కాలిన సిమెంటు గోడ పక్కన నిలబడడం దానికి జన్మలో అలవాటు లేదు.

మొదటి జూన్‌లో ఆకులు నిలువునా చుట్టుకుపోయి అగరువత్తుల్లా అయ్యాయి. ఇది వెదురు పద్ధతి. నీళ్ళు చాలనప్పుడు ఆకు చుట్టుకొని తడిని దాచుకుంటుంది, నీళ్ళు పోస్తే గంటా రెండు గంటల్లో విచ్చుకుంటుంది. మాది నీళ్ళు పోసినా విచ్చుకోలేదు. ఇంకా పోశాము. ఆకుల కొసలు గోధుమరంగుకు మాడాయి. మేము డాక్టర్లము, రోగం ముదిరేదాకా కారణం అడగని తప్పు మా ఇంట్లోనే జరిగింది. ఆ ఊళ్ళో మా ఇంటి నీళ్ళు బావివి. బతీనా తీరంలో తోటల కోసం ఏళ్ళ తరబడి నీళ్ళు తోడేయడం వల్ల సముద్రపు ఉప్పునీరు భూమి లోపల లోపలికి జొరబడింది. ఆ నీళ్ళు ఖర్జూరం తట్టుకుంటుంది, వెదురు తట్టుకోదు. మన ఊళ్ళలో జ్వరం అంటూ వచ్చిన ప్రతివాడూ "డాక్టరు గారూ, ఒక సెలైన్ పెట్టండి" అంటాడు గదా. మేము రోజుకు రెండు పూటలా ఈ మొక్కకు సెలైన్ పెడుతున్నామన్నమాట, అదీ అవసరం లేని పేషెంటుకు.

మందు ఇంట్లోనే దొరికింది. ఏ.సి. గొట్టం కింద పెట్టిన బకెట్. తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ గనుక తెల్లవారేసరికి బకెట్ నిండుతుంది. ఆవిరి చల్లబడి దిగిన నీళ్ళు గనుక వాటిలో ఉప్పు ఉండదు. మొదట కుండీని నీడలో పెట్టి, ఆ నీళ్ళతో అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా మూడు నాలుగు సార్లు కడిగాము, పాత ఉప్పు పోవాలని. తరువాత రోజూ అవే నీళ్ళు. మూడు వారాలకు మధ్యలో సూదిమొనలా ఒక కొత్త మొలక వచ్చింది. తీరంలో ఉన్న మన సభ్యులకు ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, మల్లెకూ కరివేపాకుకూ కూడా పనికొస్తుంది. ఆ నీళ్ళలో ఉప్పు లేనట్టే బలమూ లేదు, ఎరువు మనమే వేసుకోవాలి.

కుండీ విషయంలో మావారు చేసిన ఏర్పాటు బాగా పని చేసింది. మొక్క ఉన్న కుండీని దానికన్నా పెద్ద కుండీలో దించి, మధ్య సందులో ఇసుక పోసి తడుపుతూ ఉండడం. వేరుకు వేడి తగలదు. మట్టి బదులు కొబ్బరి పీచు పొడి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక. ఇక్కడి వాదీల ఇసుకలో సున్నం ఎక్కువ, దాన్ని వాడితే ఆకు పసుపుపచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందని జబ్బు. మొక్కల కోసం అమ్మే ఇనుము మందు కలిపి పోస్తే తేరుకుంటుంది. పొద్దుటి ఎండ ఎనిమిది దాకా చాలు, తరువాత నీడ. రాలిన ఆకులను ఏరి పారవేయకుండా కుండీలోనే పరిచి ఉంచాలి, తడి ఆరదు. పొడిగాలి రోజుల్లో ఆకు అడుగున ఎర్రనల్లి పడుతుంది, నీటి ధారతో కడిగితే పోతుంది.

జపాన్‌లో చలికాలం చివర దీన్ని నేల మట్టానికి కోసేస్తారు. కోస్తేనే కొత్త ఆకు ఒత్తుగా, పొట్టిగా వస్తుంది. ఇక్కడ ఫిబ్రవరిలో, రెండు వేళ్ళ ఎత్తున వదిలి కత్తెరతో కోయాలి. మొదటిసారి కోసిన రోజున మా అమ్మాయి ఏడ్చింది. మార్చి నెలాఖరుకు పాతదానికన్నా అందంగా వచ్చింది. పిలకలు విడదీయడం కూడా అప్పుడే. ఒక్క కాడను కోసి గుచ్చితే మొలవదు, కింద భూమిలో పాకే కొమ్ము ముక్క, దాని మీద ఒక మొగ్గ ఉండాలి. పసుపు కొమ్ము నాటినట్టే. ఈ కొమ్ము దగ్గరే మా కథ ఉంది.

రెండేళ్ళ తరువాత మాకు నిజ్వాకు బదిలీ అయింది. మస్కట్ నుంచి ఫంజా, సుమైల్, ఇజ్కీ మీదుగా రెండు గంటల లోపు దారి. కొండలు రెండు వైపులా గోడల్లా నిలబడి ఉంటాయి, గడ్డిపోచ ఉండదు. ఉన్నట్టుండి ఒక మలుపులో ఖర్జూర వనం. ఆ వనం కింద ఫలజ్ ఉంటుంది. ఒమాన్ వచ్చి ఫలజ్ చూడని తెలుగువాడు చెరువు చూడని పాలమూరు వాడితో సమానమని మా అభిప్రాయం. కొండ అడుగున నీటి ఊట దొరికిన చోటు నుంచి, వాలు తప్పకుండా, మైళ్ళ దూరం కాలువగా నడిపించుకొని వస్తారు. మోటారు లేదు. ఇప్పటికీ నీరు పారే ఫలజ్‌లు దేశంలో మూడు వేల దాకా ఉన్నాయి. 2006లో యునెస్కో వాటిలో ఐదింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ ఒకటి, బిర్కత్ అల్ మౌజ్‌లోని ఫలజ్ అల్ ఖత్మీన్ ఇంకొకటి.

నీరు ఎవరిది అన్నది ఇక్కడ గంటల లెక్క. సుమారు అరగంటను ఒక 'అథర్' అంటారు. ఫలానా ఇంటికి ఇన్ని రోజులకు ఒకసారి ఇన్ని అథర్‌లు. పగలు నీడగడియారంతో, రాత్రి నక్షత్రాలతో ఆ లెక్క కట్టేవారు. పంపకం చూసే పెద్దను వకీల్ అంటారు, మన ఊళ్ళలో తూము ఎత్తే నీరటికాడి వంటివాడు, కాని అంతకన్నా అధికారం ఉన్నవాడు. కాలువకు ఎక్కడైనా బీట పడితే పోయేది నీరొక్కటే కాదు, కింద వరసలో ఉన్నవాడి అరగంట.

నిజ్వాలో మా వెదురుకు బతుకు తేలికైంది. ఎండ తక్కువేమీ కాదు గాని తీరం నీళ్ళ ఉప్పు లేదు, చలికాలపు రాత్రులు చల్లన. ఏ.సి. బకెట్ మాత్రం సగం కూడా నిండదు, ఇక్కడి గాలి పొడి. ఆ ఏడే ఒక పెద్దాయన కుటుంబంతో మాకు పరిచయం అయింది. ఎలా అయిందో డాక్టరు చెప్పకూడదు, అందుకని ఊరి పేరు కూడా చెప్పము. జెబెల్ అఖ్దర్ పైన మెట్లమెట్లుగా పొలాలున్న ఒక ఊరు. ఆయనకు ఎనభై దాటాయి. ఇక్కడ పెద్దవాళ్ళను 'వాలిద్', అంటే తండ్రీ అని పిలవడం మర్యాద, మేమూ అలాగే పిలుస్తాము. ఆయన మమ్మల్ని 'దక్తూరా' అంటారు, మావారిని మాత్రం 'ముహందిస్', ఇంజనీరు గారూ, అంటారు.

ఒక సాయంత్రం మనుమడు వచ్చి ఖర్జూరపు ఆకులతో అల్లిన బుట్ట ఇచ్చి వెళ్ళాడు. లోపల కొండ మీది దానిమ్మ పళ్ళు, పన్నీరు సీసా. ఆస్పత్రిలో అయితే పుచ్చుకోము. ఇంటి గుమ్మం దాకా తెచ్చినదాన్ని వెనక్కి పంపితే ఇక్కడ తలవంపు. సరే, బుట్ట మాటేమిటి? వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ పెట్టిన కట్టడి. పంచదారైనా వేసి ఇవ్వాలి. మావారు ఆలోచించి, ఫిబ్రవరి గనుక వెదురును విడదీసే రోజులే, ఒక మంచి పిలకను తడి గోనెలో చుట్టి ఆ బుట్టలో పెట్టారు. మాకూ అది ఎంతో బాగుందనిపించింది. రెండు వెదుళ్ళ దేశాల మధ్య నుంచి ఖర్జూరాల దేశానికి ఒక కానుక!

బిర్కత్ అల్ మౌజ్ దగ్గర నుంచి కొండ ఎక్కాలి. అక్కడ పోలీసు చౌకీ, నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బండి అయితేనే వదులుతారు. దిగేటప్పుడు బ్రేకులు కాలే వాలు అది, ఆ నిబంధన సబబే. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు మెలికలు తిరిగి సైక్ పీఠభూమి చేరితే రెండు వేల మీటర్ల ఎత్తు. మస్కట్ కన్నా పది పదిహేను డిగ్రీలు చల్లన, వాన సుమారు మూడింతలు, కొన్ని చలికాలపు రాత్రుల్లో నీళ్ళు గడ్డకడతాయి. 'అఖ్దర్' అంటే ఆకుపచ్చ. కింద నుంచి చూస్తే ఆ పేరు ఎవరు పెట్టారా అనిపిస్తుంది, పైకి వెళ్ళి ఆ మెట్ల పొలాల అంచున నిలబడితే గాని తెలియదు. మా పొట్టి వెదురుకు ఒమాన్ దేశంలో తగిన చోటంటూ ఉంటే అదే. పెద్దాయన తన పొలంలో కింది మెట్టు చివర, కాలువ పక్కన, నిత్యం చెమ్మగా ఉండే చోటు తానే ఎంచి నాటించారు. మనుమలను పిలిచి "ఇది దక్తూరాది, తొక్కవద్దు" అన్నారు. మేము ఫోటో తీసి రంపచోడవరం పంపించాము.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో, నిజ్వాలో మా పెరట్లో కుళాయి దగ్గర, సిమెంటు పగులులోంచి ఒక పచ్చటి మేకు లేచింది. రెండు రోజుల్లో దానికి ఆకులు విచ్చుకున్నాయి, దువ్వెన పళ్ళలా రెండు వరసలుగా. కుండీ అక్కడికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. మావారు కుండీని ఎత్తబోతే లేవలేదు. అడుగు రంధ్రాల్లోంచి పురికొసంత లావు కొమ్ములు దిగి, ఒకటి ఇటు, ఒకటి అటు, ఒకటి సరాసరి కుళాయి చెమ్మ వైపు పాకి ఉన్నాయి.

మా పొరపాటు ఏమిటంటే, మేము వెదురంటే మన వెదురు అనుకున్నాము. మన తూర్పు కనుమల్లోని ముళ్ళ వెదురు గాని, సాధన వెదురు గాని పొదగా పెరుగుతాయి. కొమ్ము పొట్టిది, తల్లి పక్కనే పైకి వంగి బొంగు అవుతుంది. పొద ఏటా కాస్త లావెక్కుతుంది గాని చోటు వదలదు. మావారి తాతగారి దొడ్లో పొద ఆయన నాటిన చోటే ఉంది. జపాన్ వెదుళ్ళలో చాలా రకాలు అలా కాదు. కొమ్ము భూమిలో జానెడు లోతున అడ్డంగా పరుగెడుతుంది, దాని కణుపు కణుపుకీ మొగ్గ, అందులో కొన్ని పైకి లేస్తాయి, కొన్ని మళ్ళీ పరుగెడతాయి. మన పొలాల్లో తుంగ చేసే పనే. ముక్క తెగితే ముక్క బతుకుతుంది. జపాన్ ఉత్తరాన హొక్కైదో అడవుల్లో ససా జాతులు నేలంతా కమ్ముకొని, పెద్ద చెట్ల విత్తనాలు మొలిచినా వాటికి వెలుతురు అందనీయవు. అందుకే తెలిసినవాళ్ళు దీన్ని నేలలో వేస్తే చుట్టూ రెండు అడుగుల లోతున మందపాటి ప్లాస్టిక్ రేకు పాతుతారు. నర్సరీలో ఆ మాట చెప్పినవారు లేరు, మేము అడిగిందీ లేదు.

కింద నాలుగడుగులు పరుగెత్తిన మొక్కను పైన నీటి కాలువ పక్కన, రాతి కట్ట అంచున నాటి పధ్నాలుగు నెలలైంది.

రాత్రే మనుమడికి ఫోను చేశాము. "మాషా అల్లా, చాలా బాగుంది దక్తూరా, చాలా అయ్యింది, గోడ దాకా వచ్చింది" అన్నాడు సంతోషంగా. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. పరదేశం వచ్చి, వాళ్ళ ఉప్పు తిని, వాళ్ళ కాలువకు చెద పట్టించామా అని. ఒమాన్‌లో ఇదివరకే ఆ అనుభవం ఉంది. ఇక్కడి ఎడారి చెట్టు 'గాఫ్' మన దసరా జమ్మిచెట్టే, ఇద్దరిదీ ఒకే జాతి. దాని దాయాది, మన సర్కారు తుమ్మ, ఇక్కడ మెస్కీట్ పేరుతో పచ్చదనం కోసమని బయటి నుంచి వచ్చి, ఇప్పుడు దోఫార్‌లో ప్రభుత్వమే డబ్బు పెట్టి పీకించవలసినంతగా అల్లుకుంది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు దాని సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అది తెచ్చినవాళ్ళూ మంచి మనసుతోనే తెచ్చి ఉంటారు.

శుక్రవారం చీకటితో బయలుదేరాము. గునపం, బొరిగె, చెట్లు కోసే కత్తెర, నల్ల సంచులు. కొండ మీద గులాబీల కాలం. మార్చి చివర నుంచి మే దాకా ఆ మెట్లన్నీ లేత ఎరుపు. ఎండ ఎక్కకముందే కోయాలి గనుక మేము వెళ్ళేసరికి ఆడా మగా గులాబీ పొదల్లో ఉన్నారు. మట్టి పొయ్యిల మీద పన్నీరు దింపుతున్న పొగ ఊరంతా. కుండలో రేకులు, లోపల ఒక గిన్నె, పైన చన్నీళ్ళ మూకుడు. ఆవిరి ఆ మూకుడు అడుగున చల్లబడి గిన్నెలోకి చుక్కచుక్కగా దిగుతుంది. మా ఏ.సి. బకెట్ సూత్రమే. ఇంకో రోజైతే ఈ మాట పైకి అని నవ్వుకొనేవాళ్ళం.

ఎలా చెప్పాలన్నది బెంగ. మా అరబ్బీ ఆస్పత్రి అరబ్బీ. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, ఊపిరి గట్టిగా పీల్చు, అంతే. మొక్కకు కాళ్ళున్నాయని చెప్పే మాటలు అందులో లేవు. చివరికి "వాలిద్, యిమ్షీ, తహ్త్" అన్నాము. నడుస్తుంది, కింద. నేల మీద వేలితో గీత గీసి చూపించాము. పెద్దాయన మా ముఖం చూడలేదు, గోడ వైపు చూశారు. "ఎంత లోతు?" అన్నారు. జానతో చూపించాము. లోపలికి వెళ్ళి చిన్న పార ఒకటి తెచ్చి, చెప్పులు విడిచి, తానే ముందు దిగారు.

పైన చూడటానికి ఎంతో ముద్దుగా ఉంది, చాపంత మేర పచ్చగా. కింద మూడు కొమ్ములు దారి పట్టాయి. రెండు మట్టిలోనే బారెడు దూరం వెళ్ళాయి, తేలిగ్గానే వచ్చాయి. మూడోది కాలువ నుంచి చెమ్మ ఊరే చోట వంగి, రాళ్ళ మధ్య సందులోకి దూరింది. సున్నం గాని సిమెంటు గాని లేకుండా రాయి మీద రాయి పేర్చిన కట్ట అది, దాని కింద మెట్టు ఇంకొక కుటుంబానిది. గునపంతో పొడిస్తే కొమ్ము తెగి లోపల ఉండిపోతుంది. పెద్దాయన ఒక్కొక్క రాయినే ఊడదీసి, తీసిన వరసలోనే నేల మీద పేర్చారు, పిల్లలను దగ్గరికి రానీయలేదు. ఏ రాయి ఏ రాయి మీదిదో తప్పకూడదు. పదహారో రాయి దగ్గర కొమ్ము కొస దొరికింది. లేత తెల్లటి మొన, కాలువ అడుగుకు బెత్తెడు దూరంలో.

జుమా నమాజుకు పిలుపు వచ్చింది. మగవాళ్ళు చేతులు కడుక్కొని వెళ్ళారు. మేము ఆ విప్పిన గోడ ముందు కూర్చుని తీసిన కొమ్ముల కణుపులు లెక్కపెట్టాము, ఎక్కడైనా తెగిందేమోనని కొసలు కలిపి చూసుకున్నాము. ఆపరేషను అయ్యాక గుడ్డ ముక్కలు లెక్కపెట్టినట్టు. వాళ్ళు తిరిగి వచ్చాక పెద్దాయన రాళ్ళను మళ్ళీ ఎక్కించారు. చూస్తే విప్పినట్టే తెలియదు. పీకినదంతా ఎండబెట్టే వ్యవధి లేక, పన్నీరు పొయ్యిలో వేసి కాల్చేశాము.

భోజనాల దగ్గర మేము క్షమాపణ చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. తన చిన్నతనంలో, 1957 నుంచి 1959 దాకా ఈ కొండ మీద యుద్ధం జరిగినప్పుడు విమానాలు బాంబులు వేశాయనీ, ఆ కట్ట అప్పుడు పడిపోతే తన తండ్రి మళ్ళీ పేర్చాడనీ, రాళ్ళు అందించింది తానేననీ చెప్పారు. అందుకే ఏ రాయి ఎక్కడిదో ఆయనకు తెలుసు. వాదీలో పెరిగే రెల్లు కూడా ఇలాగే కాలువలోకి దూరుతుందట, ఏటా కోసేవారట. "మీరు వచ్చి చెప్పారు. రెల్లు వచ్చి చెప్పదు" అని నవ్వారు. ఇల్లాలు మటుకు నవ్వలేదు. ఆ గులాబీల రోజున అంత మందిని ఒక పూట గోడ పనికి పెట్టామని ఆమెకు కోపం ఉంది, న్యాయమే.

జులైలో మళ్ళీ వెళ్ళి చూశాము. కట్టకు మూరెడు ఇవతల ఒక్క మొలక, తవ్వి తీశాము. అక్టోబరులో ఏమీ లేదు. ఈ ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు పెద్దాయన తానే గోడ వెంబడి నడిపించి చూపించారు, ఏమీ లేదు. ఈ వేసవి దాటేదాకా మేము పూర్తిగా నమ్మము. తిరిగి వచ్చేటప్పుడు అదే బుట్ట, అదే పన్నీరు సీసా. ఈసారి బుట్టలో సున్నుండలు పంపించాము.

నిజ్వాలో కుళాయి దగ్గరిదంతా తవ్వేశాము. కుండీ ఇప్పుడు ఇటుకల మీద, వాటి కింద గచ్చు. అడుగున గాలి ఆడుతుంది గనుక కొమ్ము రంధ్రంలోంచి బయటికి వచ్చినా ఎండిపోతుంది. నెలకోసారి ఎత్తి చూస్తాము. రెండేళ్ళకోసారి బయటికి తీసి, గుండ్రంగా చుట్టుకున్న కొమ్ములను సగం కోసి కొత్త మట్టిలో పెడతాము. ఇంటి చుట్టూ నేలలోనే వెదురు కావాలనుకొనే వారికి మా సలహా, పొదగా పెరిగే రకం అడిగి తెచ్చుకోండి. అవి వేడి దేశాలవి, ఇక్కడి ఎండకు ఇంతగా బెదరవు, నాటిన చోట ఉంటాయి.

ఇక పిలకల సంగతి. అపార్టుమెంటు బాల్కనీల వారికి సంతోషంగా ఇస్తాము. తోట ఉన్నవారు, ముఖ్యంగా కాలువ పక్కన ఇల్లున్నవారు మమ్మల్ని అడగవద్దు. వచ్చే ఫిబ్రవరి చివరి వారంలో విడదీస్తాము. ఒకదానిలో ఒకటి పట్టే రెండు కుండీలు, నాలుగు ఇటుకలు తెచ్చుకోండి. ఇటుకలు లేకుండా వస్తే కాఫీ ఇచ్చి పంపేస్తాము.